వేములవాడ ఆస్థానకవి పంపడు

కోనరావుపేటకు సమీపముననున్న వేములవాడ నేడు రాజరాజేశ్వర క్షేత్రముగా ప్రసిద్ధము. పదవ శతాబ్దిలో ఆ పట్టణము వేములవాడ చాళుక్యులకు రాజధాని. కన్నడులు ఆదికవిగా ఆరాధించు పంపమహాకవి ఈ ఆస్థానముననే వెలుగొందెను.

పంపడు క్రీ.శ. 902లో జన్మించెను. అతని పూర్వులు వేంగిదేశపు వంగిపర్రు అగ్రహారమునకు చెందిన వైదిక బ్రాహ్మణులు. వారిలో మాధవ సోమయాజి యజ్ఞములు చేసి పేరొందెను. పంపని తండ్రి భీమపయ్య మాత్రము జైనమును స్వీకరించెను. పంపడు తండ్రి మార్గమునే అనుసరించెను; అయినను తన వైదిక వంశమును మరుగుపరుపక, కావ్యమున సవిస్తరముగా చెప్పుకొనెను.

చాళుక్యప్రభువు రెండవ అరికేసరి అతనిని ఆదరించెను. పంపడు కలము పట్టినవాడే కాక, కత్తి పట్టిన వీరుడు కూడ. క్రీ.శ. 941లో అతడు ప్రథమ తీర్థంకరుడైన వృషభనాథుని చరిత్రను ఆదిపురాణముగా రచించెను. పిమ్మట భారతకథను విక్రమార్జున విజయముగా వెలయించి, తన ప్రభువును అర్జునునితో అభేదముగా కీర్తించెను. మొదటిది ధర్మమునకు, రెండవది లోకమునకు సంబంధించినది. ప్రభువు సంతసించి ధర్మపురమను అగ్రహారము నొసగెను. జైనకవికి అగ్రహారమిచ్చిన ఆ రాజవంశపు నగరముననే శివాలయములును, జినాలయములును వెలసెను. బద్దెగుని పేర వెలసిన బద్దెగేశ్వరము నేడు భీమేశ్వరాలయముగా పూజలందుకొనుచున్నది. రాజు మూడవ అరికేసరి క్రీ.శ. 966లో అచటి శుభధామ జినాలయమునకు గ్రామదానము చేసెను.

పంపని తమ్ముడు జినవల్లభుడు. గంగాధర సమీపమునగల కురిక్యాల బొమ్మలగుట్టపై అతడు జినమూర్తులను, చక్రేశ్వరీదేవిని చెక్కించి, వాటి క్రింద సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము వ్రాయించెను. అన్న బిరుదమైన కవితాగుణార్ణవము పేర చెరువు త్రవ్వించినట్లు అందు కలదు. వంశవృత్తాంతమును, అన్న పొందిన గౌరవమును ఆ రాతిపై నిలిపినది ఆ సోదరప్రేమయే.

ఆ శాసనమందలి మూడు తెలుగు కందపద్యములు నన్నయకు సుమారు నూరేండ్లు పూర్వమువి. అన్న కన్నడమునకు మహాకావ్యములు సమకూర్చగా, తమ్ముని శాసనము తెలుగు పద్యచరిత్రకు ప్రాచీన సాక్ష్యము నిచ్చినది. వేములవాడకు యాత్రగా వచ్చు విద్యార్థులు బొమ్మలగుట్టను కూడ దర్శించినచో, ఆ అక్షరములను కన్నులార చూడగలరు. వాటిని చెక్కుచెదరకుండ కాపాడు బాధ్యత తమదియేనని గ్రహింపగలరు.