శిశువిద్యాతపస్విని మేరియా మాంటిసోరి

కృష్ణా జిల్లాలో విజయవాడకు సమీపమున గన్నవరము కలదు. ఆ ప్రాంతమున వరిచేలును, మామిడితోటలును, చెఱువులును కనులపండువు సేయుచుండును. అచటి పల్లెబిడ్డ బడిలో అడుగు పెట్టకమునుపే ఎన్నియో సంగతులు నేర్చును. తొలకరి జల్లు పడినంతనే బయలువెడలు ఆరుద్రపురుగును అరచేతిలో పెట్టుకొని మురియును. నారుమడి దినదినము పచ్చబడుటను గమనించును. నాగలి వెంట కొంగలు నడచుట చూచి, అవి ఏల నడచుచున్నవని తండ్రిని అడుగును. అట్టి బిడ్డను అయిదేండ్లు నిండకమునుపే నాలుగు గోడల నడుమ కూర్చుండబెట్టి, కదలవలదనియు, మాటాడవలదనియు శాసించుట విద్య యగునా? ఇట్టి ప్రశ్ననే తనకు తాను వేసికొని, సమాధానము వెదకుటకై జీవితమంతయు ధారవోసిన మహిళ మేరియా మాంటిసోరి.

ఆమె ఇటలీ దేశమున కియరవల్లె అను చిన్నపట్టణమునందు 1870వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన జన్మించెను. ఆ కాలమున స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట మిక్కిలి అరుదు. తండ్రికిని ఆమె కోరిక రుచింపలేదు. అయినను తల్లి ప్రోత్సాహముతో, తోటి విద్యార్థుల పరిహాసములను సహించి, 1896లో రోము విశ్వవిద్యాలయమునుండి ఆమె వైద్యపట్టమును పొందెను. పిమ్మట బుద్ధివికాసము మందగించిన బాలబాలికలకు సేవచేయుచు, వారికి ఔషధముకంటె తగిన విద్యయే ముఖ్యమని గ్రహించెను. ఆమె పద్ధతిలో వారు చదువను వ్రాయను నేర్చిరి. ఇట్టి బిడ్డలే ఇంత నేర్వగలిగినచో, ఆరోగ్యవంతులైన బిడ్డలు బడులలో ఏల వెనుకబడుచున్నారను సందేహము ఆమెను వేధించెను.

రోము నగరమున సాన్ లొరెంజో అనునది పేదలపేట. తల్లిదండ్రులు పనులకు పోగా, పసిపిల్లలు దిక్కులేక తిరుగుచు గోడలను పాడుచేయుచుండిరి. ఆ యిండ్ల యజమానులు ఒక గది నిచ్చి, పిల్లలను కనిపెట్టుటకు మాంటిసోరిని కోరిరి. గోడలను కాపాడుకొనుట వారి యుద్దేశము. పిల్లలను కాపాడుట ఆమె యుద్దేశము. 1907వ సంవత్సరము జనవరి 6వ తేదీన అచట తొలి శిశుగృహము వెలసెను. మూడేండ్లు మొదలు ఆఱేండ్ల వఱకు వయసు గల సుమారు ఏబదిమంది అందు చేరిరి.

విద్యాలయమునకు తోట ప్రాణమని ఆమె విశ్వాసము. శిశుగృహపు ఆవరణమున నేలను చిన్నచిన్న మడులుగా విభజించి, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క మడిని ఒప్పగించునట్లు చేసెను. బిడ్డలు విత్తనములు నాటి నీరు పోసిరి; పక్షులకు మేత వేసిరి. విత్తిన మఱునాడే మొలక రాదు. కావున బిడ్డ ఓరిమి నేర్చును. నీరు పోయుట మఱచినచో మొక్క వాడును. ఆ తప్పును మందలించుటకు గురువు అక్కఱలేదు. వాడిన ఆకే పాఠము చెప్పును. తనపై ఒక ప్రాణి ఆధారపడియున్నదని ఎఱిగిన బిడ్డకు ముందుచూపును, దయయు అప్రయత్నముగా అలవడును.

ఎండ తగులుననియు, వాన తడుపుననియు పెద్దలు పిల్లలను బయటికి పోనీయకుండుట ఆమెకు సమ్మతము కాదు. వాననీటియందును, తడిసిన పచ్చికయందును పిల్లలు పొందు ఆనందమును అడ్డగింపరాదని ఆమె బోధించెను. పెద్దలు గమ్యము చేరుటకై నడతురు. బిడ్డ చూచుటకై నడచును. కావున బిడ్డతో నడచువారు తొందరపడక, చీమల బారు కడ బిడ్డ ఆగినపుడు తామును ఆగవలెను. అయితే స్వేచ్ఛ యనగా విచ్చలవిడితనము కాదు. మొక్కను పెఱుకుట, తోటివానిని నొప్పించుట స్వేచ్ఛ కానేరదు.

ఆమె కీర్తి దేశదేశములకు వ్యాపించెను. కాని నియంతలకు స్వేచ్ఛగా ఆలోచించు పౌరులు రుచింపరు. మొదట ఆదరించిన ముస్సోలినీ ప్రభుత్వముతో పొసగక ఆమె 1934లో ఇటలీని విడిచెను. 1936లో స్పెయిను దేశమున అంతర్యుద్ధము చెలరేగగా అచటినుండియు వెడలి హాలెండులో తలదాచుకొనెను.

1939లో, అఱువదితొమ్మిదేండ్ల వయసున, ఆమె దివ్యజ్ఞానసమాజమువారి ఆహ్వానముపై మద్రాసులోని అడయారునకు వచ్చెను. మూడువందలమందికి పైగా ఉపాధ్యాయులు ఆమె శిక్షణ పొందిరి. ఇంతలో 1940 జూనులో ఇటలీ యుద్ధమున ప్రవేశించెను. ఆంగ్లప్రభుత్వము ఆమెను శత్రుదేశీయురాలిగా నెంచి, ఆమె కుమారుడును సహాయకుడును అయిన మేరియోను నిర్బంధించెను. పరాయిదేశమున, భాష తెలియని చోట, ముదిమిలో ఆ తల్లి ఒంటరిదయ్యెను. అయినను పని మానలేదు. ఆమె డెబ్బదియవ జన్మదినమున ప్రభుత్వము మేరియోను విడుదల చేసెను. ఆమె పొందిన కానుకలలో అంతకు మించినది లేదు.

1942 మొదలు 1944 వఱకు వారు కొడైకెనాల్ కొండలపై నివసించిరి. ఆ యుద్ధకాలముననే గన్నవరపు విమానస్థలము సైనికావసరములకు ఉపయోగపడినది. లోకము వినాశమునకు యంత్రములను సమకూర్చుచుండగా, ఆ వృద్ధురాలు కొండచెట్ల నడుమ పిల్లలకు ఆకుల ఆకృతులను, పురుగుల బ్రతుకును చూపుచుండెను. నేల, నీరు, చెట్టు, జంతువు, మానవుడు ఒకరికొకరు ఆధారమని తెలిసిన బిడ్డ పెద్దయైన పిమ్మట యుద్ధమును కోరడని ఆమె నమ్మిక. శాంతికి పునాది పసితనముననే పడవలెనని ఆమె యెలుగెత్తి చాటెను.

యుద్ధానంతరము 1946లో ఆమె ఐరోపాకు మరలినను, మఱల ఈ దేశమునకు వచ్చి 1949 వఱకు సేవచేసెను. 1952వ సంవత్సరము మే 6వ తేదీన హాలెండులోని నూర్డ్‌వైక్ పట్టణమున కన్నుమూసెను. మూడేండ్లు గడచినంతనే, 1955లో విజయవాడయందు వి. కోటేశ్వరమ్మ మాంటిసోరి పేరిట బాలలపాఠశాలను స్థాపించెను. ఆ సేవకుగాను ఆమెకు 2017లో పద్మశ్రీ పురస్కారము లభించెను.

మాంటిసోరి తోటమాలి వంటిది. తోటమాలి మొగ్గను వ్రేళ్లతో విప్పడు; నీరు పోసి, ఎండ తగులనిచ్చి వేచియుండును. ఇంటియందలి చిన్నతమ్ముని చేయి పట్టుకొని చెఱువుగట్టునకు తీసికొనిపోయి, వాడు అడిగిన ప్రశ్నకు విసుగులేక బదులు చెప్పు అక్క ఆ మహనీయురాలి మార్గముననే నడచుచున్నదని చెప్పవచ్చును.