శ్రీ అంకితము వేంకట నరసింగరావుగారు

పెనుగొలనునందు వేసవిలో పొలమునుండి వచ్చినవారెల్లరు నిన్నటికంటె నేడెండ హెచ్చనియే చెప్పుదురు. ఎంత హెచ్చో తెలియవలెనన్న దేహము చాలదు, కొలత కావలెను. అట్టి కొలతలకై చిరకాలము పాటుబడిన యాంధ్రుని చరిత్రమును మేమిచ్చట వ్రాయుచున్నాము.

నరసింగరావుగారు 1827వ సంవత్సరమున జన్మించిరి. వీరి మామగారగు గోడే వేంకట జగ్గారావుగారు చెన్నపట్టణమున టెయిలరు దొరగారియొద్ద ఖగోళశాస్త్రమభ్యసించి, విశాఖపట్టణమున డాబాగార్డెన్సునందు 1840 ప్రాంతమున వేధశాలను స్థాపించిరి. 1856లో ఆయన గతింపగా నా భారమల్లునిపై బడెను. నరసింగరావుగారు 1871లో లండను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యులైరి. 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించి ప్రకటించిరి. అయినను, వేధశాలలో సాగించిన వాతావరణ పరిశీలనమే మాకధికముగ దోచుచున్నది. గ్రహణమెన్నడో వచ్చును, ఉష్ణమాపకమును ప్రతిదినము వేళ తప్పక చూడవలెను. పండుగనాడైనను సెలవులేదు!

ఈ శ్రమ వృథాకాదు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీని మన బందరును ఉప్పెన ముంచెను. సుమారు 30,000 మంది మడిసిరి. తుపాను జాడ ముందు తెలియవలెనన్న తీరము పొడుగున పెక్కుచోట్ల ఒకే తీరున గాలియొత్తిడిని, వేడిమిని కొలువవలెను. భారత వాతావరణ శాఖ 1875లో నేర్పడెను.

ఇట్టి పనికి వాడుకలోనుండిన మాపకములు చిత్రమైనవి. పగటి గరిష్ఠమును జూపు పాదరసపు గొట్టమునకు మెడ సన్నము. ఎక్కిన పాదరసము విదిల్చినగాని దిగదు. వైద్యుల పాదరసపు జ్వరమానినియు నిట్టిదే. రాత్రి కనిష్ఠమునకు సారాయి గొట్టము. చల్లబడి సారాయి ముడుచుకొనునపుడు లోని చిన్న పుల్లను వెంట లాగుకొనిపోవును. మరల వ్యాకోచించునపుడు దానిని అచ్చటనే విడిచిపోవును. మఱియొకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టుదురు. దానికిని పొడిదానికిని గల భేదమునుబట్టి గాలిలోని తేమ తెలియును. వీనినెల్ల సందులుగల కొయ్యపెట్టెలో నీడనుంచవలెను. ఎండలోనుంచినచో గాజు వేడిమి తెలియునేగాని గాలి వేడిమి తెలియదు. మన బాలురీ తప్పు చేయుటను మేము చూచియున్నాము.

నేడు స్వయముగ వ్రాసికొను కేంద్రములందు ప్లాటినము తీగ వాడుదురు. వేడిమి హెచ్చినకొలది దానిలో విద్యుత్తునకు నిరోధము హెచ్చును. కొలుములందు రెండు లోహముల తీగలను జతపఱచి, వేడిమివలన పుట్టు స్వల్ప విద్యుత్తును కొలుతురు.

నరసింగరావుగారు 1892లో స్వర్గస్థులైరి. వారి భార్య అచ్చయ్యమ్మగారు వేధశాలను నిలిపి, 1894లో చెన్నపురి ప్రభుత్వమునకప్పగించిరి.