శనివారం మాత్ర

శనివారం వచ్చిందంటే మా ఇంట్లో అందరూ నాకు గుర్తుచేసేది ఒక్కటే, మాత్ర. నాకు రుమటాయిడ్ కీళ్ళవాతం. పొద్దున్నే వేళ్ళు వాచిపోయి, బిగుసుకుపోయి, కాఫీ గ్లాసు పట్టుకోవడమే గగనమయ్యేది. ఏలూరులో డాక్టరుగారు మెథోట్రెక్సేట్ రాసి, వారానికి ఒక్కరోజే వేసుకోమన్నారు. దానికి తోడు ఫోలిక్ యాసిడ్. తాడేపల్లిగూడెం తిరిగొచ్చాక నేను తికమకపడి మర్నాడు కూడా వేసుకోబోతే, మా కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ మందు రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందట!

ఆ భయంతోనే ఈ మాత్రల పుట్టుక గురించి ఆరా తీశాను. తీరా చూస్తే రెండూ మన పక్కనే భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చలవే.

ఆయనది కలిగిన కుటుంబం కాదు. తల్లి వెంకమ్మగారు నగలమ్మి చదివించారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు పెద్ద డిగ్రీ దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. మామగారి సాయంతో 1922లో అమెరికా వెళ్ళారు. అప్పటికి భార్య శేషగిరిగారు గర్భవతి. కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖమే చూడలేదు.

హార్వర్డులో ఫిస్కేతో కలిసి, మన కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లో లోకానికి చూపించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూకి అదే మందయింది! గర్భిణులకు ఇప్పుడు ఇచ్చేదీ అదే. దానికి ఎదురు పనిచేసే మందులూ అక్కడే పుట్టాయి. పిల్లల రక్త క్యాన్సరుకు మొదట వాడింది వాటినే. ఆ జాతిదే నా మెథోట్రెక్సేట్. తక్కువ మోతాదులో అది వాపును అణచి, కీళ్ళు అరిగిపోకుండా కాస్తుంది. 1988లో అమెరికా ప్రభుత్వం దాన్ని కీళ్ళవాతానికి అనుమతించింది. గర్భిణులు మాత్రం దీని జోలికి పోకూడదు. మధ్యమధ్య రక్తపరీక్షలూ తప్పవు.

ఇంకో మాట. కొల్లేటి లంకలో మా అమ్మమ్మ బోదకాలు ఈడ్చుకుంటూ చివరిదాకా చాకిరీ చేసింది. ఆ జబ్బు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా 1947లో ఆయన బృందం ఇచ్చిందే. వచ్చిన కాలిని అది తగ్గించలేదు గానీ, ఒంట్లోని పురుగు పిల్లల్ని చంపి రేపటివాళ్ళను కాపాడుతుంది.

ఇన్ని చేసిన మనిషి 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, పరాయిగడ్డ మీద నిద్రలోనే వెళ్ళిపోయారు. ఇంటికి తిరిగి రానేలేదు.

మొన్న పండక్కి అరిసెల పిండి నేనే కలిపాను. శనివారం మాత్ర మింగేముందు ఆయనకో దణ్ణం పెట్టుకుంటాను. ఇంకో దణ్ణం, ఇక్కడే ఉండి ఎదురుచూసిన శేషగిరిగారికి.