మోగల్లు నుంచి ఈసీఐఎల్ దాకా: ఏ.ఎస్. రావు

సుగటూరు నుంచి కేజీఎఫ్ వెళ్లిన పిల్లలకు సైనైడ్ దిబ్బలు కనిపిస్తాయి. బంగారం తీశాక మిగిలిన రాతిపొడి అది. అందులో క్వార్ట్జ్ ఉంది, క్వార్ట్జ్‌లో సిలికాన్ ఉంది. కంప్యూటర్ చిప్‌లకు ముడిసరుకు ఆ సిలికానే. కానీ సరుకు ఉంటే చాలదు, దాన్ని శుద్ధి చేసి పరికరంగా మలిచే విద్య కావాలి. ఎలక్ట్రానిక్స్‌లో అలాంటి విద్య మన దేశంలోనే పెరగాలని పాటుపడిన తెలుగువారు అయ్యగారి సాంబశివరావు. అందరికీ ఏ.ఎస్. రావుగా తెలుసు.

ఆయన 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పేద కుటుంబంలో పుట్టారు. అల్లూరి సీతారామరాజు స్వగ్రామమూ అదే. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివారు. ట్రాన్సిస్టర్ పుట్టింది కూడా ఆ రోజుల్లోనే, 1947 చివర్లో. వేడెక్కే గాజు వాల్వులు చేసే పనిని ఇక గింజంత పరికరం చేయసాగింది.

స్వదేశానికి వచ్చి రావు హోమీ భాభా బృందంలో చేరారు. 1956లో ట్రాంబేలో అప్సర అణు రియాక్టర్ మొదలైంది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చినా, దాన్ని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థను రావు బృందం ఇక్కడే తయారుచేసింది.

1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడింది. దానికి తొలి సారథి ఆయనే. ట్రాంబేలో రూపుదిద్దుకున్న ట్రాన్సిస్టర్ల కంప్యూటర్ టీడీసీ-12 1969లో వచ్చింది. తర్వాతి కంప్యూటర్లు, ఈసీ టీవీలు ఈసీఐఎల్ నుంచి వెలువడ్డాయి. 1972లో పద్మభూషణ్ అందుకున్న రావు 2003లో కన్నుమూశారు. హైదరాబాద్‌లోని ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరున వెలిసిందే.

ఇప్పుడు గోరంత చిప్‌లో కోట్లాది ట్రాన్సిస్టర్లు పడుతున్నాయి. సిలికాన్ కంటే ఎక్కువ వేడిని, వోల్టేజీని తట్టుకునే గాలియం నైట్రైడ్‌పై మన బెంగళూరు ఐఐఎస్‌సీలోనే పరిశోధన సాగుతోంది.

తెలుగు బడిలో చదివితే ఆ దారిన వెళ్లగలరా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఇంగ్లీషు నేర్వాల్సిందే, కన్నడమూ కావాలి. అయితే వాల్వుకూ ట్రాన్సిస్టర్‌కూ తేడా ఏమిటో పిల్లవాడికి ముందు బోధపడాలి. అది ఇంటి భాషలో చెబితే త్వరగా బోధపడుతుంది. ఈ వారం పాడైన పాత రేడియో ఒకటి తరగతికి తెచ్చి, బ్యాటరీలు తీసి, పిల్లల చేత విప్పించండి. పరికరం లోపల ఏముందో చూడాలన్న ఆసక్తి కలిగితే, మిగతా చదువు దాని వెంటే వస్తుంది.