కాశీకి కదిలిన కాపురం

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటేనని మన పెద్దలు అనేవారు. వెళ్లినవాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం లేని రోజులవి. అలాంటి కాలంలో ఒకాయన ఇంటి ఆడవాళ్లతో సహా దాదాపు వందమందిని వెంటబెట్టుకుని మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. గుడారాల్లో, సత్రాల్లో బసచేస్తూ పదిహేను నెలలు దేశం తిరిగి క్షేమంగా ఇల్లు చేరారు. ఆయనే ఏనుగుల వీరాస్వామయ్య గారు.

మా మేనల్లుడొకడు పాత జీపు కొన్నాడు. దానికి పెద్ద టైర్లు, పైన మడతపెట్టే గుడారం, వెనక గ్యాస్ పొయ్యికి అర! అమలాపురం నుంచి మారేడుమిల్లి అడవులకు వెళ్లి రెండు రాత్రులు గడిపి రావడానికి నెల రోజుల ఏర్పాట్లు. వాడి సామాన్ల జాబితా చూసినప్పుడల్లా నాకు వీరాస్వామయ్య గారు గుర్తొస్తారు. బండి లేదు, రోడ్డు లేదు, రైలు అసలే లేదు. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. మరి ఆయన అంత సంసారాన్ని ఎలా కదిలించారు?

చిన్ననాడే కొలువు

వీరాస్వామయ్య గారు 1780 ప్రాంతంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. అయినా చదువు ఆగలేదు. తెలుగు, తమిళం, సంస్కృతంతో పాటు ఇంగ్లీషు కూడా పట్టుదలగా నేర్చుకుని, చిన్న వయసులోనే కుంపిణీ కొలువుల్లో అడుగుపెట్టారు. అంచెలంచెలుగా ఎదిగి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. అంటే తెల్లదొరల న్యాయస్థానంలో మనవాళ్ల మాట దొరలకు, దొరల మాట మనవాళ్లకు తెలియజెప్పే ఉద్యోగం. ఆ రోజుల్లో అది చాలా పెద్ద హోదా.

హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు కదా! ఆయన ఉండలేదు. కోర్టు నుంచి సెలవు తీసుకుని 1830 మే 18న ప్రయాణం కట్టారు.

భుజాలే ఇంజను

ఆయనకున్న వాహనం పల్లకి. దాన్ని నడిపించే ఇంజను బోయీల భుజాలు. సామాన్లకు కావడివాళ్లు. రాత్రికి డేరాలు. రాళ్లదారైనా, రేగడి బురదైనా, అడవి కాలిబాటైనా పల్లకి సాగాల్సిందే. ఈనాటి ఏ జీపూ వెళ్లలేని చోటుకి కూడా అది వెళ్లింది. కానీ ఆ బరువంతా మనుషుల మీదే పడింది. పెట్రోలు అయిపోతే బండి ఆగుతుంది. బోయీ కాలికి ముల్లు గుచ్చుకున్నా అతను నడవాల్సిందే. ఈ సంగతి మరిచిపోతే ఆ యాత్ర కథ సగమే చెప్పినట్టు.

ప్రయాణానికి తగ్గట్టు బండిని అమర్చుకోవడం మన కోనసీమవాళ్లకూ కొత్త కాదు. అంతర్వేది తీర్థానికి గూడుబండి కట్టిన కాలం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అడుగున మందంగా గడ్డి, దాని మీద జంపఖానా, పైన చాపగూడు, కింద వేలాడే లాంతరు. కొబ్బరి చెట్ల కింద మూడు రాళ్లు పెడితే అదే వంటిల్లు.

అన్నట్టు, బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను దానికి హద్దులు పెట్టింది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. మీ ఇంట్లో కుర్రాళ్లు బండి కోయించే ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోమనండి.

వందమందికి వంట

ఇక మన ఆడవాళ్ల లెక్కకు వద్దాం. మనిషికి రోజుకు అరకిలో బియ్యం అనుకున్నా వందమందికి యాభై కిలోలు. పప్పు, చింతపండు, ఉప్పు, నెయ్యి, కట్టెలు వేరే. అవన్నీ మోసుకుంటూ పోలేరు. కాబట్టి సాయంత్రానికి చేరే ఊళ్లో అంగళ్లున్నాయా, మంచినీళ్ల బావి ఉందా అన్నదే అసలు ప్రశ్న. డబ్బుతోనూ చిక్కే. ఒక్కో సీమలో ఒక్కో నాణెం చెల్లేది. కుంపిణీ తన రాజ్యమంతటికీ ఒకే రూపాయిని 1835లో గానీ తేలేదు. నాగపూరు, జబల్పూరు దారుల్లో బాటసారుల్ని చంపి దోచుకునే థగ్గుల భయం సరేసరి.

తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా ఆయన కాశీ చేరారు. గయ, పాట్నా, కలకత్తా చూసి, పూరీ మీదుగా మన కోస్తా దారిన దిగివచ్చారు. 1831 సెప్టెంబరు 3న మద్రాసులో యాత్ర ముగిసింది. లెక్కేస్తే 470 రోజులు దాటాయి. అన్ని రోజులూ పూటపూటకీ కొత్త చోట పొయ్యి వెలిగించడం, తడి కట్టెలతో తంటాలు పడడం, ఒంట్లో బాగాలేకపోయినా మర్నాడు మళ్లీ బయలుదేరడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా!

తిరుగు ప్రయాణంలో ఆయన గోదావరి దాటారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. దాని పని 1847లోగానీ మొదలుకాలేదు. వంతెనల మాటే లేదు. వందమందీ, పల్లకీలూ, డేరాలూ పడవలెక్కాల్సిందే. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన రాకముందు పంటు కోసం రేవులో ఎండకు కాగిన మనకు ఆ అవస్థ సులభంగానే అర్థమవుతుంది.

అసలు సరంజామా

ఇంతకీ ఆయన సామాన్లన్నిటిలో విలువైనది ఏదో తెలుసా? రాసుకున్న కాగితాలు. ప్రతి మజిలీ దగ్గరా దారి ఎలాంటిది, ఎన్ని ఆమడలు నడిచాం, ఏరు దాటాలంటే పడవ ఉందా, నీటి వసతి ఎలా ఉంది, అంగళ్లలో ఏం దొరుకుతాయి అన్నవి వదలకుండా రాశారు. గుళ్ల గురించి ఎంత శ్రద్ధగా రాశారో నూతి నీళ్ల గురించీ అంతే శ్రద్ధగా రాశారు. తన తర్వాత వచ్చే బాటసారి ఇబ్బంది పడకూడదన్న ఆలోచన అందులో కనిపిస్తుంది.

ఆ రాతలన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లై గారికి చేరాయి. వీరాస్వామయ్య గారు 1836లో కన్నుమూశారు. పుస్తకం అచ్చయింది 1838లో. అచ్చులో దాన్ని ఆయన చూసుకోలేదు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’. తెలుగులో అచ్చయిన మొదటి యాత్రా గ్రంథంగా దానికి పేరు. 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

వీరాస్వామయ్య గారి పేరు ఇంకా నిలిచిందంటే ఆ కాగితాల వల్లే. ఆయన్ని మోసిన బోయీల పేర్లు గానీ, వాన చినుకుల్లో పొయ్యి రాజేసిన తల్లుల పేర్లు గానీ మనలో ఎందరికి తెలుసు? అందుకే నాదొక మాట. మీరు మారేడుమిల్లి వెళ్లినా, కాశీ వెళ్లినా సంచిలో ఒక నోటుబుక్కు పడెయ్యండి. ఎక్కడ మంచినీళ్లు దొరికాయో, ఏ దారి బాగాలేదో, ఆడవాళ్లకు ఎక్కడ వసతి ఉందో రాయండి. బండి తోలినవాళ్ల పేర్లూ, వంట చేసినవాళ్ల పేర్లూ రాయండి. మీ పేరు కూడా రాసుకోండి.