యంత్రంతో పాటు మనిషినీ లెక్కించిన ఎరిక్ ట్రిస్ట్

ఆఫీసులోకి కొత్త యంత్రం వస్తే మారేది యంత్రం ఒక్కటే కాదు, మనుషుల మధ్య పొత్తు కూడా మారుతుందని ఉద్యోగాలు చేసిన మనకు తెలుసు. ఆ సంగతిని శాస్త్రంగా నిలబెట్టిన వారిలో ముఖ్యులు ఎరిక్ ట్రిస్ట్.

ఆయన 1909లో ఇంగ్లండులోని డోవర్‌లో జన్మించారు. కేంబ్రిడ్జిలో సాహిత్యం, మనస్తత్వ శాస్త్రం చదివారు. యుద్ధకాలంలో సైనికాధికారుల ఎంపిక బోర్డులకు సేవలందించి, అనంతరం లండన్‌లో టావిస్టాక్ సంస్థ స్థాపకులలో ఒకరయ్యారు.

1947లో బ్రిటన్ బొగ్గు గనులు జాతీయమయ్యాయి. యంత్రాలు వచ్చినా ఉత్పత్తి ఆశించినంత పెరగలేదు, గైర్హాజరు ఎక్కువైంది. తప్పు కార్మికుల సోమరితనానిదేనా? మాజీ గని కార్మికుడు కెన్ బామ్‌ఫోర్త్‌తో కలిసి ట్రిస్ట్ 1951లో కారణం చూపారు. పూర్వం ఇద్దరు ముగ్గురు కలిసి పనంతా చేసుకునేవారు. లాంగ్‌వాల్ పద్ధతి 40, 50 మందిని మూడు షిఫ్టులుగా విడదీసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క అప్పగించింది. ఒక షిఫ్టు మిగిల్చిన పని తర్వాతి వారి నెత్తిన పడేది. అన్ని పనులూ నేర్చి, కూలి పంచుకుని, తమ పనిని తామే సర్దుకున్న జట్లు మాత్రం బాగా పనిచేశాయి. అయినా బొగ్గు బోర్డు ఆ పద్ధతిని విస్తరించడానికి ఉత్సాహం చూపలేదు.

1953లో ఆయన సహచరుడు రైస్ అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఇదే ఆలోచనను ప్రయోగించారు. జట్లుగా ఏర్పడిన నేత కార్మికుల ఉత్పత్తి పెరిగింది, గుడ్డ పాడవడం తగ్గింది.

1966లో అమెరికా వెళ్లి అధ్యాపకులుగా పనిచేసిన ట్రిస్ట్, 1993లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. కంప్యూటర్లు పెట్టే ప్రతి కార్యాలయమూ ముందుగా తెలుసుకోవలసిన పాఠం ఆయనది.