సామాన్యుని చెంతకు జన్యుశాస్త్రము

జె.బి.ఎస్. హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డులో జన్మించినారు. శ్వాసక్రియను పరిశోధించిన తండ్రి, గనులలోని విషవాయువులను పరీక్షింపబోవునపుడు బాలుని వెంట గొనిపోయెడివారు. విచిత్రమేమనగా, ఈ కుమారుడు పట్టము పొందినది విజ్ఞానశాస్త్రమున గాదు, ప్రాచీన గ్రీకు, లాటిను విద్యలలో!

1937లో జూలియా బెల్‌తో కలిసి, రక్తము గడ్డకట్టని హీమోఫిలియా వ్యాధికిని, వర్ణాంధత్వమునకును మూలమైన జన్యువులు ఒకే క్రోమోజోముపై చేరువగా నున్నవని చూపినారు. అంతటి పండితుడు లండను కార్మికుల పత్రికయైన 'డెయిలీ వర్కర్'కు మూడువందలకు పైగా వ్యాసములు వ్రాసినారు.

ఇది కేవలము వినోదము కాదు. వంశదోషము గలవారను నెపమున మనుష్యులను బలవంతముగా సంతానహీనులను జేయు శాసనమును జర్మనీ 1933లో తెచ్చినది. ఇంగ్లండులోను అట్టి వాదము చేయువారుండిరి. హాల్డేన్ 1938లో 'హెరిడిటీ అండ్ పాలిటిక్స్' అను గ్రంథమున దానిని ఖండించినారు. కొన్ని దోషములు ఆరోగ్యవంతులైన తల్లిదండ్రులలో దాగియుండి బిడ్డలలో బయటపడును. కనిపించు రోగులను మాత్రము అడ్డగించినంతనే అవి అంతరింపవు. లెక్క తెలిసిన కార్మికుడెవడైనను దీనిని గ్రహింపగలడు.

అట్టివాడే, 1948లో సోవియట్ దేశమున లైసెంకో జన్యుశాస్త్రమును అణచినపుడు గట్టిగా ఎదిరింపక తటపటాయించుట శోచనీయము.

1957లో కలకత్తాకు వచ్చి, 1961లో భారత పౌరుడై, 1962లో భువనేశ్వరము చేరినారు. 1964 డిసెంబరు 1న అచ్చటనే కన్నుమూసినారు. ఆయన కోరిక ననుసరించి దేహమును విద్యార్థుల అధ్యయనమునకై కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేర్చినారు.